మూగా, మోగా?

కరెంటుతో స్వరాలు పుట్టించే ఆ సింథసైజర్ పేరు చాలాకాలం 'మూగ్' అనే అనుకున్నాను. తయారుచేసిన రాబర్ట్ గారి ఇంటిపేరు 'మోగ్' అని పలకాలని తర్వాత తెలిసింది. మొదటి మూడు రాత్రులూ నా చేతిలో మాత్రం అది మూగే. ఎన్ని నాబ్‌లు తిప్పినా చప్పుడు లేదు. నాలుగో రాత్రి తెలిసింది, వాల్యూమ్ సున్నాలో ఉందని.

నాకు కావలసింది 'లక్కీ మ్యాన్' చివర వచ్చే సింథసైజర్ సోలో. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ అనే ఇంగ్లిష్ రాక్ బృందం 1970 ఆల్బమ్‌లోది. గిటార్ మీద హాయిగా నడిచే పాట చివర్లో, అట్టడుగు నుంచి ఏదో మూలుగుతూ లేచి పైకి జారుతుంది. కీత్ ఎమర్సన్ ఊరికే వాయించి చూస్తున్నాననుకున్నాడట, ఈలోగా రికార్డయిపోయింది. ఆయనకి ఒక్క టేక్. నాకు పదకొండు రాత్రులు.

ఆయనది వైర్లు గుచ్చి వాయించే పెద్ద బీరువాలాంటి మోగ్. నాది లాప్‌టాప్‌లో దాన్ని అనుకరించే ప్లగిన్ అనే సాఫ్ట్‌వేర్. స్క్వేర్ వేవ్ అనే నాదం పెట్టి, దాని పదును తగ్గించే ఫిల్టర్ సగం మూస్తే జాతరలో పిల్లలు ఊదే బూరలా వచ్చింది. పాత మిషన్లు వేడెక్కితే శ్రుతి తప్పేవి. ఆ లోపం కోసం ఇప్పుడు ప్లగిన్‌లో విడిగా ఒక నాబ్ పెట్టారు. కొత్త స్కూటర్ కొని, పొగ రావడానికి అదనంగా కట్టినట్టు. అదీ తిప్పాను. ఇప్పుడు శ్రుతి తప్పిన బూర.

అసలు కిటుకు గ్లైడ్‌లో ఉంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి గెంతకుండా జారాలి. తక్కువైతే ఐస్‌క్రీమ్ బండి, ఎక్కువైతే మత్తెక్కిన దోమ. పదకొండో రాత్రి ఒంటిగంటకి ముల్లు సరైన చోట ఆగింది. అడుగు స్వరం నొక్కి పట్టాను. హెడ్‌ఫోన్స్‌లో ఏమీ లేదు.

హాల్లో ఉంది. బ్లూటూత్ వెళ్లి సౌండ్‌బార్‌ని పట్టుకుంది.

"మోటారు గాలి పట్టిందే!" అంటూ నాన్న లుంగీ ఎగ్గట్టి, టార్చితో సంపు దగ్గరికి పరిగెత్తారు. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది. ఆయన దాని వంక చూస్తూ నిలబడిపోయారు. చిన్నప్పుడు వీణ నేర్చుకున్న అమ్మ మంచం మీద నుంచే తేల్చేసింది.

"మోటారు కాదండీ, జారు గమకం. మేం తీగ మీద వేలు జరిపేవాళ్లం, వీడు మౌస్ జరుపుతున్నాడు. షడ్జం కాస్త తగ్గింది."

నిజంగానే తగ్గింది. అర్ధరాత్రి నాబ్ తిప్పి సరిచేశాను.

మర్నాడు రాత్రి బుద్ధిగా వైరున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. నీళ్లు పదకొండుకి వచ్చాయట. నాన్న మోటారు వేసి, ఆపడం మరిచి నిద్రపోయారు. సంపు ఖాళీ అయింది. అడుగు నుంచి మూలుగు లేచి మెల్లగా పైకి జారింది. అచ్చం ఎమర్సన్.

"ఈవాళ బాగా కుదిరిందిరా," అని నాన్న దుప్పటి ముసుగులోంచే మెచ్చుకున్నారట. నాకు వినబడలేదు.

తెల్లారి వైండింగ్ కాలిన వాసనకి ముందు అమ్మే లేచింది.