జులై వచ్చింది, భూమి దూరం జరిగింది, దుప్పట్లు తీయండహో!

పొద్దున్నే అపార్ట్‌మెంట్ గ్రూపులో మళ్ళీ పడిందండీ అది. రేపు ఉదయం 5:27 నుంచి అఫీలియన్ అట. భూమి సూర్యుడికి బాగా దూరం వెళ్ళిపోతుందట. మామూలుగా ఉండే దూరం 9 కోట్ల కిలోమీటర్లు, అంటే 5 కాంతి నిమిషాలు, ఇప్పుడు 15.2 కోట్లు, 66 శాతం ఎక్కువ. అందుకని ఆగస్టు దాకా చలి, దగ్గు, ఒళ్ళు నొప్పులు, రోగనిరోధక శక్తి పెంచుకోండి, పదిమందికీ పంపండి. కింద వరసబెట్టి దణ్ణాలు. ఒకావిడైతే పిల్లల స్వెట్టర్లు అటక మీద నుంచి దింపించారట. ఏటా అదే మెసేజు, ఏటా అదే 5:27. భూమికి కూడా బయోమెట్రిక్ హాజరు పెట్టినట్టున్నారు.

9 కోట్ల కిలోమీటర్లేంటి సార్? శుక్రుడు తిరిగేదే 10.8 కోట్ల కిలోమీటర్ల దూరంలో. అంటే మిగతా నెలలన్నీ మనం శుక్రుడి కన్నా లోపల కాపురం చేస్తున్నామన్నమాట, చల్లగా, స్వెట్టర్ అవసరం లేకుండా! భూమి సగటు దూరం 14.96 కోట్ల కి.మీ. అదే మైళ్ళలో చెబితే 9.3 కోట్లు. ఇప్పుడర్థమైందా? ఏ మహానుభావుడో మామూలు దూరాన్ని మైళ్ళలో, జులై దూరాన్ని కిలోమీటర్లలో పట్టుకొచ్చి శాతం కట్టి ఉంటాడు. దాన్ని గ్రూపులో వేసింది రిటైరైన ఇంజనీరు గారు. జీవితమంతా కొలతల మీద సంతకాలు పెట్టిన చేయి.

అసలు లెక్క ఇది. జనవరి 2 నుంచి 5 మధ్య ఎప్పుడో ఒకప్పుడు భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుంది, 14.71 కోట్ల కి.మీ. జులై 3 నుంచి 6 మధ్య దూరంగా వెళుతుంది, 15.21 కోట్లు. తేడా 50 లక్షల కి.మీ., అంటే మూడు శాతం చిల్లర. జనవరిలో 8 నిమిషాల 11 సెకన్లలో వచ్చే వెలుగు జులైలో 8 నిమిషాల 27 సెకన్లకు వస్తుంది. ఈ పదహారు సెకన్లకా స్వెట్టర్లు? ఎండ ఒక 7 శాతం తగ్గే మాట నిజమే. కానీ భూమి మొత్తం సగటు ఉష్ణోగ్రత ఎక్కువుండేది ఆ జులైలోనే, జనవరి కంటే 3 డిగ్రీల పైచిలుకు. ఎందుకంటే అప్పుడు ఎండ గట్టిగా పడేది ఉత్తరార్ధగోళం మీద, నేల ఎక్కువున్నది అక్కడే. నేల తొందరగా కాగుతుంది, సముద్రం అంత తొందరగా కాగదు.

పోనీ ఇదీ వద్దు. దూరమే చలికి కారణమైతే, జనవరిలో సూర్యుడికి అంత దగ్గరున్నప్పుడు లంబసింగిలో పొగమంచేంటి, ఆదిలాబాద్‌లో చలిమంటలేంటి? మెల్‌బోర్న్‌లో ఉన్న మనవాళ్ళకి సంక్రాంతి నడి వేసవిలో వస్తుంది. అగ్గి రాజెయ్యకూడదని నిషేధం పెట్టిన రోజైతే భోగిమంట కూడా ఉండదు. అదే భూమి, అదే దూరం, అదే రోజు. ఇక్కడ మనం కంబళి, అక్కడ వాళ్ళు ఫ్యాను. ఈ ఒక్క సంగతి తడితే చాలు, ఫార్వర్డ్ నొక్కే వేలు ఆగిపోవాలి. ఆగదు.

ఎందుకు ఆగుతుంది, చిన్నప్పుడే బుర్రలో పాతేశారు కదా. పాఠంలో కక్ష్య బొమ్మ గుర్తుందా? దోసకాయలా సాగదీసిన అండం, మధ్యలో సూర్యుడు, ఒక కొసన భూమి బొద్దుగా, ఇంకో కొసన చిన్నగా. ఆ బొమ్మ చూసిన పిల్లాడు దూరం, చలి అని కాక ఇంకేమనుకుంటాడు? భూకక్ష్య ఎక్సెంట్రిసిటీ, అంటే గుండ్రానికి ఎంత దూరంగా సాగిందో చెప్పే లెక్క, 0.0167. నోటుపుస్తకంలో 10 సెంటీమీటర్ల వెడల్పున గీస్తే, నిలువు కొలత దానికంటే తగ్గేది మిల్లీమీటరులో వందో వంతు పైన కొంచెం. పెన్సిల్ గీత మందమే అంతకు ఎన్నో రెట్లు. కంపాస్‌తో సున్నా చుట్టి, సూర్యుణ్ణి నడిమధ్య నుంచి 0.8 మిల్లీమీటర్లు పక్కకు జరిపితే సరిపోయె. అది ఏటవాలుగా పక్క నుంచి చూసిన బొమ్మ అని కింద ఒక్క ముక్క రాయడానికి ఏం ఖర్చయిందో.

బొమ్మలంటే గుర్తొచ్చింది, ఎల్‌కేజీ గోడ మీద సీజన్ల చార్టు. నాలుగే గళ్ళు. ఒకదాంట్లో క్యారెట్ ముక్కుతో మంచుమనిషి. ఇంకోదాంట్లో అక్టోబర్ అట, ఎర్రటి ఆకులు రాలుతున్నాయట. అక్టోబర్‌లో ఎక్కడ రాలతాయమ్మా ఆకులు? అప్పుడు నల్లమల పచ్చగా నిగనిగలాడుతుంటుంది. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాలు దిగి తుపాను హెచ్చరికలు మోగుతుంటాయి. మన టేకు ఆకు రాల్చేది ఫిబ్రవరి, మార్చిల్లో, శిశిరంలో. అదీ చలికి తట్టుకోలేక కాదు, నేలలో తడి ఆరిపోయి, ఆకుల్లోంచి నీళ్ళు పోగొట్టుకోవడం ఇష్టం లేక. మోదుగ ఆకంతా రాల్చేసుకుని ఎర్రగా పూసేదీ అప్పుడే. ఈ దేశాన్ని బతికించే వానాకాలానికి ఆ చార్టులో గడే లేదు! ఆ బడికి మళ్ళీ జూన్‌లో రెయిన్‌కోట్ తప్పనిసరి.

సరే, కాలాలు మారేది వంపు వల్ల. భూమి అక్షం 23.4 డిగ్రీలు వంగి, ఏడాదంతా ఒకే దిక్కుకు చూస్తూ తిరుగుతుంది కాబట్టి, ఆర్నెల్లు ఉత్తర సగానికి ఎండ నిటారుగా పడుతుంది, ఆర్నెల్లు ఏటవాలుగా. దీనికి టెలిస్కోపు అక్కర్లేదు. మీటరు పొడవు పైపు ముక్క చాలు. మేస్త్రీలు గోడకు పట్టే దారం గుండుతో చూసుకుని సరిగ్గా నిలువుగా నిలబెట్టండి. డాబా మీద నేరుగా పెట్టకండి, వాననీళ్ళు పోవడానికి వాటం పెట్టి ఉంటారు, నీడలో సెంటీమీటరు పైనే తేడా కొట్టేస్తుంది. కింద ఒక చెక్క వేసి లెవెల్ చూసుకోండి. నీడ కొస మసగ్గా ఉంటుంది, సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. ఆ మసకలో నడిమికి గీత పెట్టండి.

ఇక అందరూ బోల్తాపడేది ఎక్కడంటే, గడియారంలో 12 కొట్టగానే కొలిచేస్తారు. ఐఎస్‌టీ, అంటే దేశమంతటికీ కలిపి పెట్టుకున్న గడియారం, 82.5 డిగ్రీల రేఖాంశం టైము, మన వైపు తుని పక్క నుంచి పోతుంది ఆ గీత. హైదరాబాద్ దానికి నాలుగు డిగ్రీలు పడమర. డిగ్రీకి 4 నిమిషాలు, వెరసి 16 నిమిషాలు ఆలస్యం. దానికి తోడు, అక్షం వంపు వల్లా, కక్ష్యలో భూమి వేగం ఒకేలా ఉండకపోవడం వల్లా, అసలు మధ్యాహ్నం, అంటే సూర్యుడు అన్నిటికంటే ఎత్తున ఉండే క్షణం, నవంబర్ మొదట్లో 12 గంటలకే అవుతుంది, ఫిబ్రవరిలో పన్నెండున్నరకు. అందుకే సూర్యుడు అన్నిటికంటే తొందరగా అస్తమించేది డిసెంబర్ 21న కాదు, నవంబర్ ఆఖర్లో. బిట్ బ్యాంకుల్లో ఏం రాసుందో నాకు చెప్పకండి, బీపీ. మీరు మాత్రం నీడ అన్నిటికంటే పొట్టిగా అయ్యే క్షణం పట్టుకోండి, గడియారం గోడకే వదిలేయండి.

హైదరాబాద్‌లో ఆ మీటరు పైపు నీడ డిసెంబర్ 21న 86 సెంటీమీటర్లు. మార్చి 21కి 31. మే 9న 12:12కి సున్నా. జూన్ 21న పదిన్నర, అదీ దక్షిణం వైపు, ఎందుకంటే సూర్యుడు మన నెత్తి దాటి ఉత్తరానికి పోయాడు. వెనక్కి వస్తూ ఆగస్టు 3న 12:23కి మళ్ళీ సున్నా. మేలో నడినెత్తిన ఎండ, ఆగస్టులోనూ నడినెత్తినే ఎండ. మరి రోళ్ళు పగిలేది రోహిణి కార్తెలోనే కదా, ఆగస్టులో ఎందుకు పగలవు? మబ్బు పట్టి ఉంటుంది, నేల తడిసి ఉంటుంది, వచ్చిన వేడిలో చాలా భాగం ఆ తడి ఆరబెట్టడానికే పోతుంది. జులైలో గాలి చల్లబడేదీ ఇందుకే. రుతుపవనాలండీ! చేసిందంతా నైరుతి, పేరేమో అఫీలియన్‌కి.

దూరం వల్ల నిజంగా జరిగేది ఒకటుంది, అది మన పంచాంగంలోనే కూర్చుంది. దగ్గరున్నప్పుడు భూమి సెకనుకు 30.3 కి.మీ. పోతుంది, దూరమైనప్పుడు 29.3. అందుకే సూర్యుడు మిథునం దాటడానికి 31 రోజులన్నర పైనే పడుతుంది, ధనుస్సు 29 రోజుల కొద్ది గంటల్లో అయిపోతుంది. ధనుర్మాసం పొట్టిది ఇందుకు. ఇంత సన్నటి సంగతి లెక్కగట్టినవాళ్ళ పేరు చెప్పుకుని బతికేవాళ్ళు, సంక్రాంతి రోజు పొద్దున టీవీలో కూర్చుని "సూర్యభగవానుడు ఈ రోజే ఉత్తరానికి తిరిగాడు" అంటారు చూడండీ, అక్కడ నాకు మండుతుంది. ఫార్వర్డ్ అంకుల్ నయం, ఆయన శాలువా కప్పుకుని చెప్పడు.

సూర్యుడు తిరిగేది డిసెంబర్ 21, 22లో. సంక్రాంతి అంటే నక్షత్రాలను బట్టి మకరంలోకి రావడం. ఈ రెండూ ఒకే రోజు కలిసింది దాదాపు 1700 ఏళ్ళ కిందట. భూమి అక్షం మెల్లగా గిరికీ కొడుతుంది, చుట్టు పూర్తవడానికి 26 వేల ఏళ్ళకు కాస్త తక్కువ. దాంతో 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున జరిగి జరిగి ఇప్పటికి 24 డిగ్రీలైంది, అంటే దాదాపు 24 రోజుల తేడా. ఇంకా జరుగుతుంది. ఇదేదో దొరలు చెప్పింది కాదు. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడే బృహత్సంహితలో రాశాడు: పూర్వశాస్త్రాల్లో దక్షిణాయనం ఆశ్లేష సగం నుంచి అన్నారు, ఇప్పుడు కర్కాటకం మొదట్లోనే వస్తోంది, ఉన్నది ఉన్నట్టు చూసి తేల్చుకోండి అని. ఎలా చూడాలో కూడా చెప్పాడు, పెద్ద వృత్తంలోకి నీడ వచ్చే చోటు, పోయే చోటు గుర్తు పెట్టుకుని. భౌతిక శాస్త్రవేత్త మేఘనాథ్ సాహా నడిపిన క్యాలెండర్ సంస్కరణ కమిటీ ఇదంతా లెక్క తేల్చి 1955లో నివేదిక ఇచ్చింది, 1957 మార్చి 22 నుంచి జాతీయ క్యాలెండర్ అమల్లోకి వచ్చింది. ఎంతమంది ఇళ్ళల్లో వేలాడుతోందది? పండగ తేదీ మార్చమని ఎవరూ అడగట్లేదు, గొబ్బెమ్మలు ఎప్పుడు పెట్టుకున్నా అందమే. "ఈ రోజే తిరిగాడు" అనే అబద్ధం ఒక్కటి మానమంటున్నాం.

డిసెంబర్ 21న 12:14కి ఒకసారి, జనవరి 14న 12:25కి ఒకసారి, అదే పైపు, అదే చెక్క. మొదటిసారి 86 సెంటీమీటర్లు, రెండోసారి 80. సూర్యుడు ఆ రోజే తిరిగి ఉంటే ఈ ఆరు సెంటీమీటర్లు ఎవరు కోసుకుపోయారో శాలువా పండితుడు గారు చెబితే వింటాం. యాంకరమ్మ ఎలాగూ అడగదు.