బస్సు రాకపోతే ఎవరిని ఓడించాలి?

ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ వెళ్లే సిటీ బస్సు. ఉదయం తొమ్మిది దాటింది. ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో నిలబడినాయన చేతిలోని టికెట్టు నలుపుతూ, "ఉచితంగా ఎక్కేవాళ్లకు సీట్లు, డబ్బులు ఇచ్చేవాళ్లకు మెట్లు" అని అందరికీ వినపడేలా అన్నాడు. లోపల పైకడ్డీ పట్టుకుని వేలాడుతున్న ఒకామె, మోచేతికి టిఫిన్ సంచి, తలైనా తిప్పకుండా జవాబిచ్చింది: "నాకూ సీటు లేదు కదయ్యా. బస్సులు నేను తగ్గించానా?" కండక్టరమ్మ ఇద్దరినీ పట్టించుకోలేదు. "జరగండి, లోపలికి జరగండి" అంటూ జీరో టికెట్లు కొట్టుకుంటూ పోయింది.

హైదరాబాద్ ప్రజారవాణా మీద ఏళ్ల తరబడి సాగుతున్న చర్చలో ఇంత సూటి ప్రశ్న నేను వినలేదు. బస్సులు ఎవరు తగ్గించారు? 2019 ఆర్టీసీ సమ్మె అందరికీ గుర్తుంది, 52 రోజులు. అంతకు ముందు నగరంలో సుమారు 3,800 బస్సులు తిరిగేవి. సమ్మె ముగియగానే నష్టాల పేరుతో దాదాపు వెయ్యి బస్సులను రోడ్ల మీద నుంచి తప్పించారు. నాలుగేళ్ల తర్వాత, 2023 డిసెంబరు 9న, మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది. బస్సులను తగ్గించింది ఒక ప్రభుత్వం, ప్రయాణికులను పెంచింది మరో ప్రభుత్వం. ఫుట్‌బోర్డు మీదున్న ఆయన మాత్రం తన కష్టానికి కారణం టిఫిన్ సంచి పట్టుకున్నామె అనుకుంటున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. చేతికి అందే దూరంలో ఉన్నది ఆమె ఒక్కతే.

నగరంలో కోపం లేదని ఎవరూ అనలేరు. 2025 మేలో మెట్రో గరిష్ఠ చార్జీ 60 నుంచి 75 రూపాయలకు ఎగబాకి, వారం తిరిగేలోగా పది శాతం తగ్గింపుతో 69 దగ్గర ఆగింది. అక్టోబరులో సిటీ బస్సుల వంతు వచ్చింది: మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు అదనం. ఆ పెంపు నగరానికే. ఎలక్ట్రిక్ బస్సులకు వసతులు కల్పించడానికి డబ్బు కావాలన్నారు, సరే. కానీ ఈ పెంపును నగరం ఎన్నుకున్న ఏ సభ ముందైనా పెట్టారా? పెట్టలేదు. పెట్టాలని ఏ చట్టమూ చెప్పదు కూడా.

అసలు రోగం ఇక్కడుంది. నిధుల కొరత, డీజిల్ ధర, ట్రాఫిక్ అన్నీ నిజమే. అవి లేని మహానగరం ఏది? బస్సు రాకపోతే ఓడిపోయే నాయకుడు ఒక్కడూ లేకపోవడమే హైదరాబాద్ ప్రత్యేకత.

లెక్క చూడండి. గత ప్రభుత్వంలో ముఖ్యమంత్రిది గజ్వేల్, పురపాలక మంత్రిది సిరిసిల్ల. రవాణా మంత్రులుగా చేసినవారిలో ఒకరిది తాండూరు, ఇంకొకరిది ఖమ్మం. ప్రభుత్వం మారాక పురపాలక శాఖను ముఖ్యమంత్రే ఉంచుకున్నారు, ఆయనది కొడంగల్. రవాణా శాఖ హుస్నాబాద్ ఎమ్మెల్యేకు వెళ్లింది. వీరిలో ఎవరి గెలుపోటములైనా దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడ్డ మనిషి చేతిలో ఉన్నాయా? వ్యక్తులుగా వారు సమర్థులు కావచ్చు, నా పేచీ వారితో కాదు. 2023 ఎన్నికల్లో హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో కాంగ్రెస్‌కు ఒక్కటీ రాలేదు, అయినా అధికారం వచ్చింది. నగరాన్ని గెలవకుండానే రాష్ట్రాన్ని గెలవవచ్చని తేలిపోయాక, నగరం బస్సు కోసం రాత్రిళ్లు నిద్ర మానుకునేది ఎవరు?

మరి నగర కార్పొరేషన్, అదే జీహెచ్‌ఎంసీ, ఉంది కదా అంటారు. ఉంది. ఏ ప్రధాన రహదారిలోనైనా ఒక బస్ షెల్టర్ దగ్గర పది నిమిషాలు నిలబడితే దాని సత్తా ఏపాటిదో తెలుస్తుంది. నిగనిగలాడే స్టీలు బెంచీ, వెనక నిలువెత్తు ప్రకటన బోర్డు, బెంచీ మీద నిద్రపోతున్న ఒక మనిషి. ప్రయాణికులు మాత్రం అక్కడ ఉండరు. వంద అడుగులు ముందుకు, ఎండలో, రోడ్డు మీద గుంపుగా నిలబడి ఉంటారు, ఎందుకంటే బస్సు ఆగేది అక్కడ. షెల్టర్ కట్టించేది కార్పొరేషన్, బస్సు నడిపేది ఆర్టీసీ, దాన్ని ఎక్కడ ఆపాలో చెప్పేది ట్రాఫిక్ పోలీసు. ప్రకటన బోర్డుకు వాహనదారుల చూపు కావాలి, బస్సుకు మలుపు దాటాక చోటు కావాలి. ఈ రెండింటినీ ఒక్కచోట కూర్చోబెట్టి మాట్లాడించే అధికారం మేయర్‌కు లేదు. పైన రైలు మెట్రోది, పక్కన పట్టాలు రైల్వేవి, మూడింటికీ మూడు టికెట్లు. వీటన్నిటినీ కలిపే ఏకీకృత రవాణా సంస్థ 2008 నుంచీ కాగితం మీద ఉంది. అదీ అధికారుల కమిటీయే, నగరం ఓటు దానికి తగలదు.

కార్పొరేషన్‌కూ బస్సుకూ ముడి వేసే ప్రయత్నం ఒకసారి జరిగింది. నగర బస్సుల నష్టాన్ని జీహెచ్‌ఎంసీ కొంత భరించాలన్నారు. మొదట్లో మూడు వందల కోట్ల పైచిలుకు ఇచ్చింది, తర్వాత చేతులెత్తేసింది. 2019 సమ్మె కేసు హైకోర్టుకు వెళ్లినప్పుడు, ఇచ్చే స్తోమత లేదని కార్పొరేషన్ చెప్పుకొంది. ఎందుకు ఇస్తుంది? రూటు తాను నిర్ణయించదు, చార్జీ తాను పెట్టదు, డిపో తనది కాదు. నష్టంలో మాత్రం వాటా కావాలంటే ఇంట్లో పెత్తనం లేని కోడలిని కరెంటు బిల్లు కట్టమన్నట్టు ఉంటుంది.

ముంబయిలో బెస్ట్ సంస్థ 1947 నుంచి కార్పొరేషన్ చేతిలోనే ఉంది, అది ఏమైనా వెలిగిపోతోందా అని అడిగేవారున్నారు. వెలిగిపోవడం లేదు, నిజమే. నాలాలు పూడిక తీయలేనివారికి బస్సులు అప్పగిస్తే కాంట్రాక్టుల పంట పండుతుందన్న భయమూ ఉత్తది కాదు. కానీ ముంబయివాడికి బస్సు బాగాలేదని కార్పొరేటర్‌ను నిలదీసే దారి ఉంది. మన కార్పొరేటర్‌కు తిట్లు తినే అర్హత కూడా లేదు.

ఇప్పుడు మెట్రో సంగతి. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో దేశంలోకెల్లా పెద్ద మెట్రోగా 2017 నవంబరులో మొదలైంది. 69 కిలోమీటర్ల దగ్గర ఆగింది. ఎంజీబీఎస్ దాటి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన భాగం పట్టాలకు నోచుకోలేదు. రైలుకు ఇప్పటికీ మూడే పెట్టెలు. సాయంత్రం అమీర్‌పేటలో లైను మారినవారికి ఇంకో మాట చెప్పనక్కర్లేదు. 2025 సెప్టెంబరులో, మెట్రోను కట్టి నడిపిన ఎల్ అండ్ టీ తప్పుకోవడానికి, రాష్ట్ర ప్రభుత్వం సుమారు 13,000 కోట్ల రూపాయల అప్పును నెత్తికెత్తుకుని, సంస్థకు మరో 2,000 కోట్ల దాకా చెల్లించడానికి అంగీకారం కుదిరింది. మెట్రో మన చేతికొచ్చిందని కొందరు సంబరపడ్డారు. ఎవరి చేతికి? సచివాలయానికి వచ్చింది. సచివాలయం చేతిలో మెట్రో ఎలా నడుస్తుందో శంకుస్థాపనలే చెబుతాయి. 2022 డిసెంబరులో రాయదుర్గం నుంచి విమానాశ్రయానికి 31 కిలోమీటర్ల లైనుకు ఒక ముఖ్యమంత్రి రాయి వేశారు. ఏడాది తిరిగేసరికి మరో ముఖ్యమంత్రి వచ్చి ఆ దారి వద్దన్నారు, 2024 మార్చిలో పాతబస్తీ లైనుకు తన రాయి తాను వేశారు. రెండో నిర్ణయమే మెరుగని నా అభిప్రాయం, పాతబస్తీకి ఆ రైలు ఎప్పుడో రావాల్సింది. అయినా కోటి మంది దాటిన నగరం ఎటు ప్రయాణించాలో ఐదేళ్లకోసారి కుర్చీతో పాటు మారిపోతుంటే, మధ్యలో నగరాన్ని అడిగిన పాపాన ఎవరూ పోకపోతే, అది ప్రణాళిక కాదు, రాయి మీద పేరు.

ఎన్నికలు వచ్చిన ప్రతిసారీ హైదరాబాద్ ఓటరును తిట్టడం మనకు ఆనవాయితీ. 2020 డిసెంబరులో గ్రేటర్ పోలింగ్ 46 శాతం దాటి కాస్త ముందుకు వెళ్లిందంతే. సెలవిస్తే ఇంట్లో పడుకున్నారని, చదువుకున్నవాళ్లకు బాధ్యత లేదని సంపాదకీయాలు వచ్చాయి. నేనూ అప్పట్లో ఆ పాట పాడినవాణ్నే, ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. ఆ ప్రచారం ఎలా సాగిందో గుర్తుచేసుకోండి: పాతబస్తీ మీద సర్జికల్ స్ట్రయిక్, భాగ్యనగరంగా పేరు మార్పు, వరద సాయం పదివేలు. బస్సు ఊసు ఎక్కడా గట్టిగా వినపడలేదు, ఎందుకంటే ఆ ఎన్నికలో గెలిచేవారికి బస్సుతో పని లేదు. అలా గెలిచిన సభ ఎన్నుకున్న మేయర్ 2024లో పార్టీ మారారు. దానివల్ల నగరంలో ఒక్క బస్సు రూటైనా మారిందా? ఓటు వేయని ఆ సగం మంది బద్ధకస్తులు కారు, లెక్క తెలిసినవాళ్లు. విలువలేని నోటును ఎవరు మాత్రం జేబులో పెట్టుకుని తిరుగుతారు?

2025 డిసెంబరులో చుట్టుపక్కల 27 పట్టణ సంస్థలను గ్రేటర్‌లో కలిపి, వార్డులను 150 నుంచి 300కు పెంచారు. ఆ సరిహద్దులు ఎలా మారినా, ఏదో ఒక రోజు అభ్యర్థి మన గుమ్మంలోకి వస్తాడు. సీసీ రోడ్డు వేయిస్తానంటాడు, వీధి దీపం పెట్టిస్తానంటాడు, కమ్యూనిటీ హాలుకు రంగులు వేయిస్తానంటాడు. అన్నీ విని, మా కాలనీకి ఉదయం ఎనిమిదిన్నర బస్సు మళ్లీ ఎప్పుడు వస్తుందని అడిగి చూడండి. కరపత్రం చేతిలో పెట్టి నవ్వుతాడు. "అది మా పరిధిలోకి రాదండీ."

అతను చెప్పేది నిజమే.