వాపును బలుపనుకున్న కెపాసిటర్ గారికి

మహారాజశ్రీ 1000 మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ గారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయబోయాను గానీ, మీ నెత్తి చూశాక చెయ్యి రాలేదు.

చిటికెన వేలి కొసంత ఉంటారు. టీవీ వెనకాల పవర్ సప్లై బోర్డులో ఓ మూల మీ కాపురం. వచ్చే కరెంటులో ఎగుడుదిగుళ్లు లేకుండా సాఫీ చేసి పంపడం తప్ప మీకు వేరే పని లేదు. ఆ ఒక్కటీ మానేసి నెల రోజులు మా ఇంటిల్లిపాదినీ ఆడించారు.

మొదట్లో రిమోట్ నొక్కాక రెండు నిమిషాలకి బొమ్మ వచ్చేది. తర్వాత పది నిమిషాలు. ఆ తర్వాత బొమ్మ లేదు, ఎర్ర లైటు మిణుకు మిణుకు, లోపల టిక్ టిక్ టిక్. సప్లై లేవబోవడం, వోల్టేజీ నిలవక పడిపోవడం, మళ్లీ లేవబోవడం, అదీ ఆ చప్పుడు. మాకేం తెలుసు? తలో వైద్యం చేశాం. నాన్నగారు రిమోట్‌లో బ్యాటరీలు మార్చమన్నారు. మార్చాం. కాదు, ఇంకా మంచివి వెయ్యమన్నారు. మా ఆవిడ హెయిర్ డ్రయ్యర్ తెచ్చి వెనక చిల్లుల్లోంచి వేడి గాలి కొట్టింది. నవ్వాను. టీవీ వచ్చింది! మీ కడుపులో ఎండిపోతున్న ద్రవానికి, అదే ఎలక్ట్రోలైట్‌కి, వెచ్చబడితే కాస్త ఊపిరి వస్తుందని తర్వాత తెలిసింది. అప్పటిదాకా రోజూ సాయంత్రం మీకు కాపడం పెట్టుకున్నాం.

చూడటానికి వచ్చిన మెకానిక్ మూత కూడా విప్పలేదు. "బోర్డు పోయింది సార్, మొత్తం మార్చాలి" అన్నాడు. పన్ను నొప్పంటే తలకాయ మార్చమన్నట్టు.

ఇక నేనే విప్పాను. ప్లగ్గు పీకేశాను కాబట్టి భయం లేదనుకుంటే పొరపాటే. అదే బోర్డు మీద మీ పెద్దన్నయ్య ఉన్నాడు, 400 వోల్టుల వాడు. 230 వోల్టుల ఏసీని డీసీ చేస్తే దాదాపు 325 అవుతుంది. ప్లగ్గు తీశాక కూడా దాన్ని కడుపులో దాచుకుని, వేలు పెట్టినవాడి కోసం ఎదురుచూస్తుంటాడు. స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి ఠప్పుమనిపించే వీరులు ఉన్నారు. నేను అంత వీరుణ్ని కాను. కరెంటు జోరుని అడ్డుకునే రెసిస్టర్ పెట్టి మెల్లిగా ఖాళీ చేసి, మీటర్‌లో సున్నా చూసి, అప్పుడు మీ దగ్గరికి వచ్చాను.

వరసలో మీ తమ్ముళ్ల తలలు బల్లపరుపుగా ఉన్నాయి. మీది మాత్రం పూరీలా పొంగి ఉంది. లోపల గ్యాస్ పెరిగితే పేలిపోకుండా మెల్లిగా విచ్చుకోవాలని మీ నెత్తిన గీసిన గాట్లు విడిపోయి, సందులోంచి గోధుమరంగు పొక్కు ఒకటి బయటికి వచ్చింది. వాపు చూసి బలుపనుకునే వాళ్లని చూశాను గానీ, ఆ వాపుతోనే డ్యూటీలో నిలబడ్డవాళ్లని ఇప్పుడే చూడటం.

మీ టక్కు అక్కడితో అయిపోలేదు. ఊడదీసి మామూలు మల్టీమీటర్ పెడితే 880 మైక్రోఫారడ్లు చూపించారు, అంటే మీ ఒంటి మీద రాసిన 1000 సామర్థ్యానికి దగ్గరే. పాసే! రోజూ వచ్చి సంతకం పెట్టి కుర్చీలో కునుకు తీసే ఉద్యోగికి హాజరు పట్టీలో తప్పేం దొరుకుతుంది? మీ లోపలి నిరోధాన్ని కొలిచే ఈఎస్ఆర్ మీటర్ పెట్టాక అసలు రంగు బయటపడింది. 2 ఓమ్‌లు. మీ సైజు కొత్తవాళ్లలో అది 0.1 కూడా దాటదు.

అయితే, నా కోపమంతా మీ మీదే అంటే అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టే. మీ ఒంటి మీద 105 డిగ్రీలు అని గొప్పగా రాశారు. ఆ వేడిలో మీ ఆయుష్షు 2000 గంటలు, అంటే ఆగకుండా పనిచేస్తే 84 రోజులు కూడా లేవు. పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు సుమారుగా రెట్టింపవుతుంది. 85 దగ్గర 8,000 గంటలు, 65 దగ్గర 32,000. ఈ లెక్క బోర్డు గీసినాయనకి తెలియదా? అంత బోర్డులో ఖాళీ జాగా ఉండగా మిమ్మల్ని తీసుకెళ్లి హీట్‌సింక్‌కి, అంటే పక్కవాళ్ల వేడిని లాక్కునే లోహపు దిమ్మకి, ఆనించి నిలబెట్టాడు. పొయ్యి పక్కన మంచం వేసి, అల్లుడుగారికి చెమటలేమిటని అడిగినట్టు. 2000 సంవత్సరం తర్వాత కొన్నేళ్లపాటు కంప్యూటర్ల మదర్‌బోర్డుల మీద మీ వాళ్లు గుంపులుగా ఉబ్బి చచ్చినప్పుడు ఎలక్ట్రోలైట్ నాసిరకమన్నారు. మీ విషయంలో ఆ సాకు కూడా లేదు.

మీ స్థానంలో కొత్తవాడు చేరాడు. అదే 1000 మైక్రోఫారడ్లు, తట్టుకునే వోల్టేజీ మాత్రం 10 బదులు 16. మైనస్ గీత సరైన వైపే ఉందని మూడుసార్లు చూసుకుని టంకం పెట్టాను. కాళ్లు కాస్త వంచి హీట్‌సింక్‌కి ఎడంగా నిలబెట్టాను.

ఇట్లు,
మీ వల్ల టంకం పట్టడం నేర్చుకున్న గృహస్థు.

తా.క.: మూత బిగించి స్విచ్ వేశాను. టీవీ ఒక్క నొక్కుకే వచ్చింది. నాన్నగారు రిమోట్ చేతిలోకి తీసుకుని, "చెప్పానా, మంచి బ్యాటరీలు వెయ్యమని" అన్నారు.