కాన్ఫరెన్స్ పెద్దదైంది, పెరట్లోని ఆటగాడు పోయాడు

అమెరికా కాలేజీ క్రీడల్లో, ముఖ్యంగా అమెరికన్ ఫుట్‌బాల్‌లో, ఏ యూనివర్సిటీ తన కాన్ఫరెన్స్ (ఒక లీగ్‌గా కలిసి ఆడే యూనివర్సిటీల కూటమి) మారినా ప్రెస్‌మీట్‌లో రెండు లాభాలు చెబుతారు: టీవీ డబ్బు, కొత్త రిక్రూటింగ్ ప్రాంతం, అంటే హైస్కూల్ ఆటగాళ్లను తమ జట్టుకు రప్పించుకునే చోటు. మొదటిది నిజమే. 2022లో బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్ ఏడేళ్లకు కుదుర్చుకున్న టీవీ ఒప్పందాల విలువ 700 కోట్ల డాలర్ల పైమాటే. రెండోదాన్ని మాత్రం నేను నమ్మను. కొత్త ప్రాంతం ఎక్కువగా దక్కేది చేరినవాళ్లకు కాదు, అప్పటికే ఆ కాన్ఫరెన్స్‌లో పాతుకుపోయిన పెద్ద జట్లకు.

మేరీల్యాండ్‌నే చూడండి. ఖర్చు మోయలేక 2012లో ఏడు క్రీడల జట్లను ఎత్తేసిన యూనివర్సిటీ అది. ఆ ఏడాది చివర్లోనే బిగ్ టెన్‌కు సరేనంది, 2014లో చేరింది. వాషింగ్టన్ డీసీ చుట్టుపక్కల హైస్కూళ్లలో మంచి ఆటగాళ్లకు కొదవలేదు. బిగ్ టెన్‌లోని పెద్ద జట్టు ఒహాయో స్టేట్ అంతకుముందూ ఆటగాళ్ల కోసం అక్కడికి వచ్చేది. కానీ కాన్ఫరెన్స్ ఒకటయ్యాక, "మీ ఊళ్లోనే వచ్చి ఆడతాం, అమ్మానాన్నా చూడొచ్చు" అని కుర్రాడి ఇంట్లో కూర్చుని చెప్పే వీలు దాని కోచ్‌కు దొరికింది.

మేరీల్యాండ్‌కు మాటిచ్చిన లోకల్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి జట్టు దాడిని నడిపే ఆటగాడు) డ్వేన్ హాస్కిన్స్ 2016లో ఒహాయో స్టేట్‌కు మారిపోయాడు. మేరీల్యాండ్‌లో కోచ్ మారడమూ అందుకు కారణమే అనుకోండి. 2018 నవంబర్‌లో మేరీల్యాండ్ సొంత మైదానంలోనే మూడు టచ్‌డౌన్లకు (ఫుట్‌బాల్‌లో పెద్ద స్కోరు) బంతి విసిరాడు, మరో మూడు తనే పరుగెత్తి చేశాడు. ఓవర్‌టైమ్‌లో ఒహాయో స్టేట్ 52-51తో గెలిచింది. మరో స్టార్ ఆటగాడు చేజ్ యంగ్ చదివిన డిమాథా హైస్కూల్ అయితే మేరీల్యాండ్ క్యాంపస్‌కు కూతవేటు దూరం. అతనూ ఒహాయోకే వెళ్లాడు.

నెబ్రాస్కాది ఇంకో కథ. సొంత రాష్ట్రంలో జనాభా తక్కువ, అందుకే టెక్సస్ కుర్రాళ్ల మీద ఆధారపడేది. ఫ్రిస్కో, ప్లేనోల్లో ఉండే మనవాళ్లకు అక్కడ శుక్రవారం రాత్రి హైస్కూల్ మ్యాచ్‌ల హడావిడి కొత్త కాదు. 2011లో టెక్సస్ జట్లున్న బిగ్ 12 కాన్ఫరెన్స్‌ను వదిలేసి బిగ్ టెన్‌కు వెళ్లడంతో టెక్సస్‌లో నెబ్రాస్కా మ్యాచ్‌లు పోయాయి, పట్టు కూడా సడలింది. దాని చివరి కాన్ఫరెన్స్ టైటిల్ 1999లోది. తప్పంతా మార్పుదేనని అనను, కోచ్‌ల ఎంపికలోనూ దెబ్బతింది.

టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మాత్రం లాభపడింది. 2012లో ఎస్‌ఈసీ (సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్)లో చేరాక, ఆ కాన్ఫరెన్స్‌లో టెక్సస్ జట్టంటే పన్నెండేళ్లు అదొక్కటే. 2024లో టెక్సస్ యూనివర్సిటీ కూడా రావడంతో ఆ ప్రత్యేకత పోయింది.

ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (ఆటగాళ్లు వేరే యూనివర్సిటీకి మారే వ్యవస్థ), 2021 నుంచి ఎన్‌ఐఎల్ సొమ్ము (తమ పేరు, రూపం వాడుకున్నందుకు ఆటగాళ్లు తీసుకునే డబ్బు) ఉన్నాయి కాబట్టి దూరం లెక్కలోకి రాదంటారు. ఫుట్‌బాల్ స్టార్ల వరకు ఒప్పుకుంటాను. వాళ్లకు చార్టర్ విమానాలుంటాయి, డబ్బూ ఉంటుంది. మిగతా ఆటల సంగతి వేరు. 2024 నుంచి లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ, న్యూజెర్సీలోని రట్గర్స్ ఒకే కాన్ఫరెన్స్‌లో ఉన్నాయి. మధ్య దూరం దాదాపు 4 వేల కిలోమీటర్లు. అంత డబ్బు రాని సాఫ్ట్‌బాల్ అమ్మాయి మూడు టైమ్ జోన్లు దాటి ఆడొచ్చి మళ్లీ క్లాసుకు పరుగెత్తాలి, తల్లిదండ్రులు మ్యాచ్ చూడాలంటే విమానం టికెట్ కొనాలి. చుట్టుపక్కలే ఆడే చిన్న కాన్ఫరెన్స్‌ల కోచ్‌లు రిక్రూటింగ్‌లో గట్టిగా చెప్పుకోవాల్సింది ఇదే.