లాంజరోటె వైన్ రేటు న్యాయమైనదే

చలికాలం సెలవులకి మనవాళ్లు చాలామంది అట్లాంటిక్ సముద్రంలో ఉన్న స్పెయిన్ వాళ్ల కానరీ దీవులకి వెళ్తున్నారు. వాటిలో ఒకటైన లాంజరోటె చూసొచ్చినవాళ్లు నల్లటి నేల ఫొటోలు చూపిస్తారు, అక్కడి వైట్ వైన్ బాగుందంటారు, ఆ వెంటనే "స్పెయిన్ వైన్‌కి ఇంత రేటేంటండీ?" అంటారు. నన్నడిగితే ఆ రేటు న్యాయమైనదే.

1730లో అక్కడ మొదలైన అగ్నిపర్వతాల పేలుళ్లు 1736 దాకా ఆగలేదు. మంచి పొలాలెన్నో లావా కింద, బూడిద కింద పోయాయి. రైతులు ఆ బూడిద తవ్వుకుంటూ పాత మట్టి తగిలేదాకా దిగారు. లా హెరియా ప్రాంతంలో కొన్ని గోతులు మూడు మీటర్ల లోతుంటాయి. ఒక్కో గోతిలో ఒకటో రెండో ద్రాక్ష మొక్కలు, గాలి కొట్టకుండా చుట్టూ అర్ధచంద్రాకారంలో పేర్చిన రాళ్ల గోడ. ఏడాదికి వాన 150 మిల్లీమీటర్లు పడితే ఎక్కువ. ఆ కాస్త తడినీ నల్ల బూడిదే ఎండిపోకుండా కాపాడుతుంది. ఆ గోతుల్లోకి ట్రాక్టర్ దిగదు. కొమ్మలు కత్తిరించడం దగ్గర్నుంచి గుత్తులు కోయడం దాకా అన్నీ చేత్తోనే. ఇంతా చేస్తే అక్కడి మల్వసీయా వోల్కానికా రకం ద్రాక్ష చేతికొచ్చేది కొంచెమే. ఆ కష్టానికి సూపర్‌మార్కెట్ రేటు కడితే ఎలా?

ఆ దీవుల్లోనే ఇంకొకటైన టెనెరిఫేలో, ఒరోటావా లోయలో ఇంకో పద్ధతి. లిస్తాన్ బ్లాంకో రకం ద్రాక్ష తీగల్ని జడ అల్లినట్టు అల్లి, నేలకి కాస్త ఎత్తులో మీటర్ల పొడవున సాగదీస్తారు. వాటిలో నూరేళ్లు దాటినవి ఉన్నాయి, అదీ సొంత వేళ్ల మీద. 19వ శతాబ్దంలో అమెరికా నుంచి వచ్చిన ఫిలాక్సెరా పురుగు వేళ్లు తినేసి యూరప్ తోటల్ని నాశనం చేసింది. అప్పట్నుంచీ యూరప్‌లో దాదాపు అన్నిచోట్లా ఆ పురుగుని తట్టుకునే అమెరికన్ ద్రాక్ష వేరు మీద అంటు కట్టే ద్రాక్ష పెంచుతున్నారు. కానరీ దీవులు సముద్రంలో అంత దూరాన ఉండబట్టి అప్పుడు తప్పించుకున్నాయి.

2025 వేసవిలో ఆ పురుగు టెనెరిఫేలో కనబడింది. ఈ వార్త చదివి నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. అంటు లేని తీగకి దాన్ని తట్టుకునే శక్తి లేదు. పురుగు పట్టాక మందు కొట్టి బతికించుకోవడం కుదరదు.

ఆ పురుగు మట్టితోనూ, మొక్కలతోనూ ప్రయాణిస్తుంది. మనకేమో ఎక్కడికెళ్లినా ఒక మొక్కో కొమ్మో పట్టుకెళ్లడం అలవాటు. ఆ దీవులకి మాత్రం వద్దు. వేరే ద్రాక్షతోటల్లో తిరిగిన బూట్లుంటే మట్టి పోయేలా శుభ్రంగా కడిగాకే విమానమెక్కండి. ఫొటో కోసం గోతుల్లోకి దిగకండి. వైన్ తాగే అలవాటున్నవాళ్లు మాత్రం, తోట దగ్గరే, వాళ్లు చెప్పిన రేటుకే కొనండి.