ఐతారం సాయంత్రం గ్రూపుల మెసేజ్ పెట్టే సార్లకు

ఐతారం పొద్దుగూకే యాళ్లకు నల్లగొండ బస్టాండుల నిలబడ్డ పిల్లల మొఖాలు చూడండి. భుజానికి బ్యాగు, చేతిల అమ్మ కట్టిచ్చిన డబ్బా, కండ్లేమో ఫోనుల. ఎల్బీ నగర్ బస్సు ఎప్పుడొస్తదో అన్న ధ్యాస కన్నా ఆఫీసు గ్రూపుల ఏం పడ్తదో అన్న రంది ఎక్కువుంటది. రేపు మీటింగుల ఎవరిని లేపి నిలబెడతరో, ఎవరి టార్గెట్ తక్కువుందంటరో అని.

ఈ రందిని మన దగ్గర బద్ధకం కింద జమ కడతరు. "మా కాలంల ఐతారమే లేకుండె, మీకేం తక్కువైంది" అంటరు. పెద్దలంటే గౌరవమే, కని ఈ మాట నేనొప్పుకోను. ఐతారం సెలవు ఊకెనే రాలే. బొంబాయి మిల్లు కార్మికుల కోసం కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే ఏండ్లకేండ్లు కొట్లాడితే 1890 జూన్‌ల వచ్చింది. ఆ మిల్లులల్ల తెలంగాణ నుంచి వలసపోయిన నేతన్నలు గూడ చెమటోడ్చిన్రు. అంత కష్టపడి తెచ్చుకున్న దినంల సాయంత్రం పూటను ఇయ్యాల ఒక్క మెసేజ్‌తోని గుంజుకుంటున్నరు.

నా దోస్తు ఒకడు ఫైనాన్స్ కంపెనీల కలెక్షన్ చూస్తడు. ఐతారం ఏడైతే చాలు, బ్రాంచ్ గ్రూపుల షీట్ పడ్తది. కిస్తీ కట్టనోళ్ల పేర్లన్నీ ఎర్ర రంగుల ఉంటయి. ఇగ వాడు కోడికూర సగంల ఇడిసి లేస్తడు. "డాడీ, నా మీద కోపమొచ్చిందా" అని వాని బిడ్డ అడుగుతది. ఆ పోరికి ఏమని చెప్పాలె?

మన చేతిల ఉన్నది మనం చేసుకుందాం, అది గూడ చెప్తా. సగంల ఆగిన పనే మనసును తొలుస్తది. అందుకని శనివారం ఆఫీసుల కుర్చీల నుంచి లేచే ముందు, ఏ పని యాడ ఆగింది, సోమవారం పొద్దుగాల ముందు ఏది పట్టుకోవాలె అన్నది కాగితం మీద రాసి టేబుల్ మీదనే పెట్టి రావాలె. ఇంటికి తేవద్దు. ఐతారం మధ్యాహ్నం కడుపునిండ తిని ఐదింటిదాక పంటే రాత్రి నిద్ర రాదు, నిద్ర రాకుంటే లేనిపోని ఆలోచనలన్నీ అప్పుడే ముసురుతయి. ఇంకోటి, షిఫ్టు కుదిరితే ఐతారం రాత్రి బయలెల్లకండి. పంతంగి టోల్ కాడ ఆగి, చౌటుప్పల్ దాటి, అర్ధరాత్రి హైదరాబాదుల రూముకు చేరి, ఒంటరిగ తాళం తీసుడు కన్నా, ఇంట్లనే పండుకుని తెల్లారుజామున బస్సెక్కుడు నయం. వంద కిలోమీటర్ల దూరమే. పొద్దుగాల లేసుడు కష్టమే, కని రాత్రంతా ఇంట్లోళ్ల మధ్యల ఉంటం.

ఐతారమే కాదు, వారమంతా గుండెదడ, నిద్రలేమి, తిండి సయించకపోవుడు ఉంటే దాచుకోవద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ల తెలుగులనే మాట్లాడుతరు, పైసలు తీసుకోరు. సిగ్గు పడే ముచ్చట కాదది.

ఇగ సార్లకు, మేడాలకు. ఎల్ అండ్ టీ చైర్మన్ ఉద్యోగులతోని ఐతారాలు గూడ పని చేయించలేకపోతున్నందుకు బాధపడ్డ వీడియో 2025 జనవరిల దేశమంతా తిరిగింది. అందరం తిట్టినం. మరి మన బ్రాంచులల్ల జరిగేదేంది? అదే సంవత్సరం జూలైల మన రాష్ట్రంల వాణిజ్య సంస్థలకు రోజుకు 10 గంటలదాక పని చేయించుకునే వీలిచ్చిన్రు, అందుల గూడ వారానికి 48 గంటలు దాటొద్దనే ఉంది. ఐతారం రాత్రి షీట్ చూసి భయపడ్డ గంటలు ఏ లెక్కల రాస్తున్నరు?

ఐతారం ఏడింటికి పెట్టిన షీట్‌తోని ఆ రాత్రి ఒక్క రూపాయి వసూలు కాదు. సోమవారం తొమ్మిదింటికి పెట్టండి. మీకు మీ పై సారు ఐతారమే పంపిండా, అది మీ దగ్గరనే ఆపండి.