డ్రాగన్‌ను చూసిందెవరు?

కుంగ్‌ఫూ పుట్టుక గురించి మన చెవిన పడే కథలన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఎవరో సన్యాసి అడవిలో పాము, కొంగ కొట్లాడుకోవడం చూస్తాడు. ఆశ్రమానికొచ్చి అవే ఎత్తులు సాధన చేస్తాడు. కొత్త విద్య పుడుతుంది. సన్యాసికి బదులు సన్యాసినిని పెడితే వింగ్ చున్ అనే శాఖ కథ, పాముకూ కొంగకూ బదులు గొల్లభామ పురుగును పెడితే చైనాలోని షాన్‌డాంగ్ వాళ్ల కథ. అంతా బాగానే ఉంది. మరి దక్షిణ షావోలిన్ అనే కుంగ్‌ఫూ సంప్రదాయపు ఐదు జంతువుల్లో పులి, చిరుత, పాము, కొంగల సరసన డ్రాగన్ కూడా ఉంది కదా, దాన్ని ఏ అడవిలో చూశారు?

జవాబు ఆ సంప్రదాయమే చెబుతుంది. డ్రాగన్‌తో మనసుకు, పులితో ఎముకకు, చిరుతతో బలానికి, పాముతో ప్రాణశక్తికి, కొంగతో జీవసారానికి సాధన అన్నది అక్కడి పాత మాట. అంటే అది జంతువుల పట్టిక కాదు, కసరత్తుల పట్టిక. జంతువు అందులో గుర్తు మాత్రమే. గుర్తును పట్టుకుని వేలాడినవాడికి విద్య అందదు.

షింగ్‌యీ అనే మరో చైనా పోరు విద్యను చూస్తే ఇది ఇంకా తేటతెల్లమవుతుంది. హెబేయి శాఖలో పన్నెండు జంతువులున్నాయి. కానీ సాధన చూసేవాడికి ఒక్క జంతువూ కనిపించదు. గోళ్లు చాపడం లేదు, గాండ్రించడం లేదు. అన్నిటికీ పునాది సాన్‌టీషీ అనే నిలకడ: బరువు వెనక కాలి మీద ఆరేడు పాళ్లు, మిగతాది ముందు కాలి మీద. ముందు చేతి వేళ్లు ముక్కు ఎత్తులో, వెనక చేయి బొడ్డు దగ్గర, మోచేతులు కిందికి వాలి ఉండాలి. ముక్కు కొన, వేలి కొన, కాలి కొన ఒకే గీతలోకి రావాలి.

ఇందులోంచే పులి వస్తుంది. రెండు అరచేతులూ ఒక్కసారే ముందుకు. కొత్తవాడు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: చేతులు ముందు వెళ్తాయి, కాలు తర్వాత పడుతుంది. అప్పుడు దెబ్బలో ఉండేది భుజాల బలం ఒక్కటే. ఎదుటివాడు మణికట్టు పట్టి లాగితే బోర్లా పడతాడు. ముందు పాదం నేల తాకడం, అరచేతులు తగలడం ఒకే క్షణంలో జరగాలి, వెంటనే వెనక కాలు అరడుగు జరిగి కిందికి చేరాలి. పులి పంజాతో కొట్టదు, ఒంటి బరువంతా మీద పడేస్తుంది అన్నదే ఇక్కడ అందుకోవాల్సిన సంగతి. కోడి కూడా అంతే. రెక్కలు కొట్టుకోవడం కాదు, మోకాళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఒంటికాలి మీద తూలకుండా అడుగు మార్చడం. ఎలుగుబంటిని, గద్దను జంటగా నేర్పుతారు: ఎలుగు భుజం దించి పైకి లేస్తే, గద్ద పట్టి కిందికి లాగుతుంది.

నిజమైన అనుకరణ అసలు లేదా అంటే, ఉంది. గొల్లభామ కొక్కెం చేయి చూడగానే ఆ పురుగే గుర్తొస్తుంది. కోతి విద్యలో కోతి ముఖం పెట్టేవాళ్లూ ఉన్నారు. 208లో చనిపోయిన వైద్యుడు హువా తువో పేరిట పులి, లేడి, ఎలుగు, కోతి, పక్షి ఆటలున్నాయి. కానీ అవి ఆరోగ్యం కోసం చేసేవి, పోరుకు కాదు. ఇక వుషూ, అంటే చైనా యుద్ధవిద్యల పోటీ వేదికల మీద కనిపించే కోతి చేష్టలు మార్కుల కోసం. కొక్కెం చేతి మాటకొస్తే, ఆకారం పురుగుదే గాని పని మణికట్టును తగిలించి లాగడం. లాగడం రానివాడికి ఆ చేయి వంకరగా పెట్టుకున్న చేయి మాత్రమే.

ఆకారాన్ని మోసుకెళ్తే వేళ్లు కూడా దక్కవు. హుంగ్ గార్ అనే దక్షిణ చైనా శాఖ పులిపంజాలో కొట్టేది మణికట్టు దగ్గరి అరచేతి మొదలు. వేళ్లు కణుపుల దగ్గర వంగి, తర్వాత పట్టి గీరడానికి. సినిమా చూసి వేళ్లు వెడల్పుగా విప్పినవాడికి మొదటి దెబ్బకే వేలు మడత పడుతుంది. వేళ్ల కొనలు ఒకచోట చేర్చి పొడిచే కొంగముక్కు మెత్తని చోటుకే, ఎముక మీద పడితే విరిగేది మన వేలే.

పేరు పోయినా పని నిలుస్తుందనడానికి చైనాలోని ఫుజియన్ రాష్ట్రపు తెల్లకొంగ విద్యే సాక్ష్యం. అందులోని సాన్‌జాన్ సాధనకు దగ్గరి చుట్టం జపాన్ దీవి ఒకినావాలోని సాన్‌చిన్. ఫుజియన్‌లోని ఫుజౌ నగరంలో నేర్చుకొచ్చిన హిగఓన్నా కాన్ర్యో నుంచి అది గోజు ర్యూ కరాటేలోకి వచ్చింది. విప్పిన చేతులు పిడికిళ్లయ్యాయి, కొంగ మాయమైంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో ఆ శాఖ డోజోలో (సాధనశాలలో) సాన్‌చిన్ చేసే పిల్లాడికి కొంగ సంగతే తెలియదు. అయినా పాదాలు లోపలికి తిప్పి, మోచేతులు పక్కటెముకలకు దగ్గరగా ఉంచి, ఊపిరి పొత్తికడుపుకు దించుతాడు.

మరి ఇన్ని జంతువుల పేర్లెందుకు? చైనా మింగ్ వంశపు కాలం నాటి సేనాని చీ జిగ్వాంగ్‌ను చూడండి. సముద్రపు దొంగల మీదికి ఆయన 1559లో యీవూ అనే ఊరి నుంచి రైతులనూ గని పనివాళ్లనూ చేర్చుకున్నాడు. ఆయన యుద్ధ గ్రంథంలో 32 ముష్టి భంగిమలున్నాయి, ఒక్కోదానికీ చిన్న పద్యం. ‘ఒంటికాలి బంగారు కోడిపుంజు’, ‘పొంచిన పులి’ అందులోవే. పెద్ద యుద్ధంలో వట్టి చేతులు పనికిరావని ఆయనే రాశాడు, 1584 కూర్పులో ఆ అధ్యాయమే తీసేశాడు. అయినా కోడిపుంజు తైచీలో నేటికీ నిలబడే ఉంది. చదువురాని చేతికి చూపుతో, పాటతో నేర్పిన పాఠం కాబట్టి.

మన శిక్షణ ఎక్కడ దెబ్బతింటోందో నాకిక్కడే కనిపిస్తుంది. ‘కోర్ ఎంగేజ్ చెయ్, హిప్ రొటేట్ చెయ్’ అంటే పదేళ్ల పిల్లాడు తలూపుతాడు, ఒళ్లు మాత్రం కదలదు. కప్పగంతులు వెయ్ అనండి, ఎవరూ చూపించకుండానే మోకాళ్లు మడిచి, మునివేళ్ల మీద కూర్చుని లేస్తాడు. భుజంగాసనంలో ఎక్కువమంది మోచేతులు బిగించి, అరచేతులతో నేలను నెట్టి పైకి లేస్తారు, భారమంతా నడుము మీద పడుతుంది. దాన్ని సరిచేయడానికి వెన్నుపూసల పేర్లు వల్లించనక్కర్లేదు. పాముకు చేతులుండవు అని గురువు ఒక్కమాట అంటే చాలు, నాభి నేలకు అంటుకుంటుంది, మోచేతులు వదులవుతాయి, వీపు పని మొదలెడుతుంది.